గూళ్ళ సర్వే మొదలుపెట్టే ముందు: తెనాలి గ్రూపు వాళ్ళ ప్రశ్నకి నా జవాబు

మీ ప్రశ్న మొత్తం చదివానండి. తెనాలిలో ఎనిమిది మంది కలిసి ఆదివారం పూట పొలాల వెంట పిట్టలు చూడ్డానికి వెళ్తున్నారు, ఏడాది అయ్యాక ఒట్టి చూడ్డంతో సరిపెట్టకుండా గూళ్ళ సర్వే చేద్దాం అనిపించింది, గుంటూరు దగ్గర పెద్ద పిట్టలు గుంపులుగా గూళ్ళు పెట్టే ఉప్పలపాడు చెరువు కూడా అందులో కలుపుకోవాలని ఉంది. గూటికి ఎంత దగ్గరగా వెళ్ళాలి, ఎన్ని గూళ్ళు లెక్కపెడితే దాన్ని డేటా అంటారు అని అడిగారు. నేను గుంటూరు వైపు పద్దెనిమిదేళ్ళుగా ఈ పని వాలంటీర్‌గా చేస్తున్నాను, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు మీ రెండు ప్రశ్నలకి సూటిగా. గూటి దగ్గరికి వెళ్ళొద్దు. ఎక్కువ గూళ్ళు వెతకొద్దు, దొరికిన కొన్నింటి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి, అదే చోట నిలబడి, అదే పద్ధతిలో, ఏమీ కనపడని రోజు కూడా రాసుకుంటూ. ఒకసారి వెళ్ళి మూడొందల గూళ్ళు లెక్కపెట్టి వచ్చిన గ్రూపు కన్నా ఒకే చెట్టుని నాలుగేళ్ళు చూసిన ఇద్దరు మనుషులు నా దృష్టిలో ఎక్కువ పని చేసినట్టు.

దగ్గరికి వెళ్ళొద్దు అని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, మొదట్లో మా గ్రూపులోనే జరిగింది. ఒకళ్ళ పెరట్లో మందార చెట్టులో పికిలిపిట్ట గూడు పెట్టింది, మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ముదురు మచ్చలు. ఫొటో సరిగా రావట్లేదని మాలో ఒకాయన రెండు కొమ్మలు పక్కకి లాగి దారంతో కట్టేశాడు, ఫొటో తీసుకుని మళ్ళీ విప్పేశాడు కూడా, అంతా కలిపి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ గోడ మీద ఒక కాకి కూర్చుని మమ్మల్నే చూస్తోంది, మేము దాన్ని పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున్న గూడు ఖాళీ, కింద ఒక పెంకు ముక్క. తల్లి పిట్ట నోట్లో పురుగు లేకుండానే ఆ మందార చుట్టూ రెండు రోజులు తిరిగింది. నాకు ఆ రోజు అర్థమైంది ఏంటంటే కాకులకి, పిల్లులకి మనమే దారి చూపిస్తాం. పిల్లి మన అడుగుల వాసన పట్టుకుని రావచ్చు, కాకి మన చూపు ఎటుందో చూసుకుని రావచ్చు. అందుకే గూటి దాకా వెళ్ళి అక్కణ్ణించే వెనక్కి తిరిగి రాకూడదు, దారిన పోయేవాళ్ళలా పక్కనుంచి నడుచుకుంటూ ముందుకి వెళ్ళిపోవాలి, వెళ్తూ ఒక్క చూపు, అంతే.

ఉప్పలపాడు లాంటి చోట ఇంకో ప్రమాదం ఉంది, ఎండ. రంగు కొంగలు, అదే పెయింటెడ్ స్టార్క్ అంటారు చూడండి, వాటి గూళ్ళు చెట్టు మీద పైన తెరిచి ఉంటాయి, నీడ ఉండదు. మధ్యాహ్నం పూట తల్లో తండ్రో గూటి అంచున నిలబడి రెండు రెక్కలూ గొడుగులా విప్పి, సూర్యుడు జరిగే కొద్దీ తనూ జరుగుతూ పిల్లల మీద నీడ పట్టుకుని ఉంటుంది. బైనాక్యులర్స్‌లో చూస్తే పెద్దది నోరు తెరిచి గొంతు అదురుతూ ఉంటుంది, కింద ఆ నీడ ముక్కలో తెల్ల నూగు పిల్లలు రెండో మూడో అతుక్కుని పడుకుని ఉంటాయి. మనం దగ్గరికెళ్ళి ఆ పెద్ద పిట్టని లేపామనుకోండి, కొన్ని నిమిషాల్లోనే పిల్లలు వడదెబ్బకి పోవచ్చు. డ్రోన్ ఎగరేసి వీడియో తీస్తాం అనేవాళ్ళు మీ దగ్గరకీ వస్తారు, ఎంత పరిచయస్తులైనా ఒప్పుకోకండి. ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా గూళ్ళ కాలంలో వద్దు. ఇంకోటి, ఇది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గుడ్లనీ గూళ్ళనీ కదిలించడం కూడా ఉన్నాయి. మీ గ్రూపులో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఈ సంగతి చెప్పండి.

ఇక ఉప్పలపాడులో లెక్క ఎలా పెట్టాలో. మన కోస్తాలో రంగు కొంగలు, గూడబాతులు (పెలికాన్లు) వానాకాలం పోయి చలికాలం వచ్చే టైముకి గూళ్ళు మొదలుపెడతాయి, వేసవి మొదటి దాకా నడుస్తుంది. మీరు దానికంటే ముందే, పిట్టలు ఇంకా సర్దుకోకముందే ఒకసారి వెళ్ళి గట్టు మీద మూడు నాలుగు చోట్లు ఎంచుకోండి, ఎక్కణ్ణించి ఏ చెట్టు సరిగ్గా కనపడుతుందో చూసుకుని కాయితం మీద చెరువు బొమ్మ వేసి చెట్లకి నంబర్లు ఇవ్వండి. చెరువు మధ్యలో ఉన్న సర్కారు తుమ్మలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి కాబట్టి గుంపుని గుంపుగానే ఒక నంబరు పెట్టుకోండి, విడదీయాలని ప్రయత్నిస్తే రెండోసారి వెళ్ళినప్పుడు మీకే గందరగోళం అవుతుంది. సీజన్ మొదలయ్యాక పదిహేను రోజులకి ఒకసారి, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది లోపల, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా. ఇద్దరిద్దరు కలిసి ఒక్కో పాయింటు దగ్గర నిలబడి విడివిడిగా లెక్కపెట్టాలి, ఒకళ్ళ అంకె ఇంకొకళ్ళకి చెప్పకూడదు, అయ్యాక రెండూ రాయాలి. ఒకాయనకి 62, ఇంకొకావిడకి 58 వస్తే రెండూ ఉంచండి, మధ్యలో 60 అని సర్దకండి. 62, 41 వస్తే మాత్రం మళ్ళీ లెక్కపెట్టండి, ఎవరో ఒకరు వేరే చెట్టు చూస్తున్నట్టు.

ఏది గూడు, ఏది కాదు అనేది ముందే మాట్లాడుకోవాలి. పెద్ద పిట్ట కూర్చుని ఉంటేనో, అంచున నిలబడి ఉంటేనో, పిల్లలు కనపడితేనో అది వాడుకలో ఉన్న గూడు. ఒట్టి పుల్లల కుప్ప ఉంటే దాన్ని వేరే కాలమ్‌లో రాయండి, ఎందుకంటే పక్క గూటి వాళ్ళు ఆ పుల్లలు ఎత్తుకుపోతూ ఉంటారు, వచ్చే వారానికి అది ఉండకపోవచ్చు. రంగు కొంగకి పొదగడం ఒక నెల, పిల్లలు ఎగరడానికి దాదాపు రెండు నెలలు, అంటే ఒక జంట దగ్గర దగ్గర మూడు నెలలు అక్కడే ఉంటుంది, పదిహేను రోజుల లెక్కన మీరు ఒకే గూటిని ఆరుసార్లు చూస్తారు. ఫోన్‌తో ప్రతిసారీ అదే రాయి మీద నిలబడి ఒక ఫొటో తీసి పెట్టుకోండి, అందంగా లేకపోయినా ఫరవాలేదు, రెండేళ్ళ తర్వాత ఏ చెట్టు ఎండిపోయింది, నీళ్ళు ఎంత తగ్గాయి అనేది ఆ ఫొటోలే చెప్తాయి. నీటి మట్టం కూడా రాయండి, చెట్టు చుట్టూ నీళ్ళుంటే కుక్కలూ పిల్లులూ రావు, నీళ్ళు ఇంకిపోయిన ఏడాది గూళ్ళ కథ వేరేగా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. మన పేపర్లలో ప్రతి ఏడాదీ ఉప్పలపాడు గురించో, శ్రీకాకుళం తేలినీలాపురం గురించో రాస్తూ సైబీరియా పక్షులు వచ్చేశాయి అంటారు. గూడబాతులు, రంగు కొంగలు, అదే జిల్లా తెలుకుంచిలో వాలే చిల్లుముక్కు కొంగలు, ఇవేవీ సైబీరియావి కావు, మన దేశంలోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి తిరిగే మన పక్షులు. ఉత్తరం నుంచి చలికాలానికి వచ్చే బాతులు, ఉల్లంకులు ఇక్కడ తిని వెళ్ళిపోతాయి, గూళ్ళు అక్కడే పెట్టుకుంటాయి. కాబట్టి చెట్టు మీద గూడు కనపడిందంటే అది మన ఊరి పిట్టే. ఇది చిన్న తప్పు అని నేను అనుకోను, ఎందుకంటే ఎక్కడి నుంచో వచ్చిన చుట్టం అనుకుంటే ఈ ఏడాది రాకపోతే దారిలో ఏదో అయ్యుంటుంది అని సరిపెట్టుకుంటాం, మన పిట్ట అని తెలిస్తే మన చెరువుకి ఏమైంది అని అడుగుతాం. మీ గ్రూపు స్కూళ్ళకి వెళ్ళి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

పెద్ద కొంగల సీజన్ కాని నెలల్లో ఏం చెయ్యాలి అంటే గిజిగాళ్ళు ఉన్నాయి కదా. నన్నడిగితే కొత్త గ్రూపు మొదలుపెట్టాల్సింది వీటితోనే. వానలు పడగానే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కట్టుకుంటాయి, బావి మీదకి వంగిన ఈత చెట్టు, గట్టు మీద తాటి చెట్టు, కాలవ పక్క తుమ్మ, వీటికే వేలాడతాయి కాబట్టి దూరం నుంచే చక్కగా కనపడతాయి. కానీ లెక్క దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు, చెట్టుకి 40 గూళ్ళున్నాయి కాబట్టి 40 జంటలు అని రాసేస్తారు. గూడు అల్లేది మగది. వరి ఆకు అంచునో, ఈత ఆకునో ముక్కుతో చిన్న గాటు పెట్టి ఎగురుతూ లాగితే పొడుగ్గా ఈనె వస్తుంది, దాంతో ముందు ఒక రింగు, తర్వాత హెల్మెట్ ఆకారం దాకా కడుతుంది, అక్కడ ఆపి రెక్కలు కొడుతూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల దూరి చూసుకుని, పీకి చూసుకుని, నచ్చితే ఉంటుంది, అప్పుడే మగది కింద గొట్టం కట్టి పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ హెల్మెట్ అలాగే ఎండిపోతుంది. గొట్టం పూర్తయ్యాక అదే మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. అందుకని 40 గూళ్ళ చెట్టు మీద అల్లే మగవి పదో పన్నెండో ఉండొచ్చు, సగం గూళ్ళలో అసలు గుడ్డే పడి ఉండకపోవచ్చు. మీరు మూడు కాలమ్స్ పెట్టండి: రింగు, హెల్మెట్, గొట్టంతో పూర్తయినవి. పచ్చగా ఉన్నవి ఈ ఏటివి, గోధుమరంగుకి తిరిగినవి పాతవి. హెల్మెట్ దశలో గూటి లోపల తడి మట్టి పూసి ఉంటుంది, ఎప్పుడైనా గాలికి రాలిపడిన గూడు దొరికితే పిల్లలకి అది చూపించండి, వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది.

నేల మీద గూడు పెట్టే తీతువు ఇంకో రకం కష్టం. మార్చి వచ్చాక తెనాలి చుట్టూ వేసిన ప్లాట్ల వెంచర్లలో, కంకర పోసి వదిలేసిన చోట్ల గుడ్లు పెడుతుంది. గూడు అనడానికి ఏమీ ఉండదు, కాలితో గీకిన చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్ళు, అందులో నాలుగు గుడ్లు సన్న మొనలు లోపలికి తిప్పుకుని, పువ్వు రేకుల్లా. రంగు అచ్చం ఆ కంకరే. ఒకసారి నేను దాని మీద కాలు వేయబోయి ఆఖరి క్షణంలో ఆగాను, అప్పటిదాకా తల్లి పిట్ట నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు. అది మీ నెత్తిమీద అరుస్తోందంటే ముందుకి అడుగు వెయ్యకండి, ఉన్నచోటే ఆగి నేల చూసుకుని వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి. దూరంగా వెళ్ళి చెట్టు చాటున కూర్చుంటే పావుగంటలో అదే నడుచుకుంటూ గుడ్ల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, అప్పుడు స్థలం రాసుకోవచ్చు. గుర్తుకి జెండా పాతొద్దు, కుక్కలకీ పిల్లకాయలకీ అదే అడ్రస్సు అవుతుంది. నాలుగు వారాలు పొదుగుతుంది, ఆ నాలుగు వారాలు అక్కడికి జేసీబీ రాకుండా చూడగలిగితే చాలు. ఒక వెంచర్‌లో మేము జేసీబీ నడిపే అబ్బాయికి గుడ్లు దూరం నుంచి చూపించాం, యజమానితో మేము మాట్లాడే లోపే అతనే ఆ పక్క రోడ్డు పని ఆఖరికి పెట్టుకున్నాడు. తీతువు కూస్తే ఇంటికి అరిష్టం అనే మాట మన ఊళ్ళలో ఇంకా ఉంది, పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి, అది పిల్లల కోసం అరుస్తోంది అని చెప్తే చాలామంది వింటారు, ముఖ్యంగా పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళు.

పెరటి గూళ్ళు, అంటే పికిలిపిట్ట, దర్జీపిట్ట, తేనెపిట్ట లాంటివి, మొదటి ఏడాది పెట్టుకోకండి అని నా సలహా. వాటికి పదిహేను రోజుల లెక్క పనికిరాదు, పికిలిపిట్ట గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల ఎగిరిపోయే దాకా నెల కూడా పట్టదు, మూడు నాలుగు రోజులకి ఒకసారి చూడాలి, ఒక నిమిషం లోపల అయిపోవాలి, గూడు కట్టేటప్పుడూ పిల్లలు ఎగరబోయే ముందూ అసలు వెళ్ళకూడదు, అప్పుడు వెళ్తే గూడు వదిలేస్తాయి లేదా పిల్లలు టైముకి ముందే కిందకి దూకేస్తాయి. రెండో ఏడాది చేస్తామంటే ఒక లెక్క నేర్చుకోండి. మీకు 10 గూళ్ళు దొరికాయి, 3 పోయాయి, 7 బాగున్నాయి, అంటే నూటికి 70 సక్సెస్ అనుకుంటాం. అది తప్పు, ఎందుకంటే మీకు కనపడక ముందే పోయిన గూళ్ళు మీ లెక్కలోకి రానే లేదు. 1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికాయన దీనికి తేలిక మార్గం చెప్పాడు, గూళ్ళని కాకుండా మీరు చూసిన రోజుల్ని లెక్కపెట్టమని. ఆ 10 గూళ్ళనీ కలిపి 100 రోజులు చూశారనుకోండి, 3 పోయాయి కాబట్టి ఒక గూడు ఒక రోజు నిలబడే అవకాశం 97 శాతం. గుడ్డు నుంచి ఎగిరే దాకా 26 రోజులు పడితే 0.97ని 26 సార్లు హెచ్చవెయ్యాలి, ఫోన్ కాలిక్యులేటర్లో వేసి చూడండి, 45 శాతమే వస్తుంది. 70 ఎక్కడ, 45 ఎక్కడ! అందుకే ఏ తేదీన మొదటిసారి చూశారు, ఏ తేదీన ఆఖరిసారి చూశారు అనేది రాయని గూటి రికార్డు ఎంత చక్కగా ఉన్నా నేను పక్కన పెట్టేస్తాను.

మామూలు మనుషులు రాసిన తేదీలకి అంత విలువ ఉంటుందా అని మీలో ఒకరు సందేహం రాశారు. బ్రిటన్‌లో 1939 నుంచి వాలంటీర్లు గూళ్ళ కార్డులు రాస్తున్నారు, టీచర్లూ రైతులూ రిటైరైనవాళ్ళూ. 1971 నుంచి 1995 దాకా ఉన్న కార్డులు తీసి చూస్తే 65 రకాల్లో 20 రకాల పిట్టలు సగటున తొమ్మిది రోజులు ముందుగా గుడ్లు పెడుతున్నాయని తేలింది, 1997లో అచ్చయింది ఆ పరిశీలన. రాసినప్పుడు వాళ్ళకి వాతావరణం మారుతోందని తెలియదు, ఫలానా రోజు ఫలానా పొదలో నాలుగు గుడ్లు అని మాత్రమే రాశారు. నాకు తెలిసి మన దగ్గర అలాంటి పాత కార్డులు లేవు, అందుకే మీ తెనాలి రిజిస్టరు గురించి నేను ఇంత పట్టుబడుతున్నాను.

క్లబ్బు సంగతి. హైదరాబాదులో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ మొదలైంది, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటున్నాం, వాళ్ళ నడకలకి ఒకసారి వెళ్ళి రండి, కొత్తవాళ్ళకి ఓపిగ్గా చూపిస్తారు. మీ క్యాలెండర్లో జనవరిలో నీటిపక్షుల లెక్క ఉండాలి, 1987లో మన ఉపఖండంలో మొదలై ఆసియా అంతా పాకింది అది, ఫిబ్రవరిలో నాలుగు రోజుల బ్యాక్‌యార్డ్ కౌంట్, అంటే పెరట్లో పిట్టల లెక్క, ఉంటుంది, మన దేశం 2013 నుంచి చేరింది. మామూలు నడకల లిస్టులు ఈబర్డ్ అనే పిట్టల వెబ్‌సైటులో పెడుతున్నారు కదా, అందులోనే గూడు కడుతోంది, గూట్లో పిల్లలున్నాయి, నోట్లో మేత మోస్తోంది అనే కోడ్‌లు ఉంటాయి, వాటిని వాడండి, చాలామంది వదిలేస్తారు. గూడు ఎక్కడుందో మాత్రం వాట్సాప్ గ్రూపులో లొకేషన్ పెట్టకండి, గుడ్లగూబ గూడైతే అసలు ఎవరికీ చెప్పకండి, వాటిని పట్టుకునేవాళ్ళు కూడా గ్రూపుల్లో చదువుతూ ఉంటారు. అందరికీ బైనాక్యులర్స్ ఉండక్కర్లేదు, ఎయిట్ బై ఫార్టీటూవి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి, మూడు ఉంటే ఎనిమిది మందికి సరిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్ళో వాళ్ళని వదిలేసి సర్వే చెయ్యకండి. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో చింత చెట్ల మీద రంగు కొంగలు ఇన్నేళ్ళు నిలిచాయంటే ఇళ్ళ మధ్యలో ఆ రెట్టల వాసన భరించింది ఊరివాళ్ళే. తెలుకుంచిలో కొంగలు వస్తే వానలు బాగుంటాయని నమ్ముతారు, కర్ణాటక కొక్కరెబెళ్ళూరులో పురుడు పోసుకోడానికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు, కింద పడిన గూడబాతు పిల్లల్ని అక్కడి కుర్రాళ్ళు సాకి వదిలారు. మన కడపలో కలివికోడి అనే అరుదైన పిట్ట అంతరించిపోయిందని అనుకున్నాక 1986లో మళ్ళీ దొరికింది కదా, పట్టిచ్చింది ఐతన్న అనే రెడ్డిపల్లి ప్రాంతపు మనిషి, పిట్టలు పట్టడం తెలిసిన చేతులు. ఉప్పలపాడులో కూడా గట్టు మీద గేదెలు కాసే ముసలాయనకి ఏ గుంపులో మొదటి గూడు ఏ రోజు పడిందో మీకన్నా ముందే తెలుస్తుంది. ఆయన పేరు రిజిస్టర్లో పరిశీలకుడి గడిలో రాయండి, ఫారెస్టు వాళ్ళకీ పంచాయతీకీ ముందే చెప్పి వెళ్ళండి. గూట్లోంచి పిల్ల కింద పడి కనపడితే ఇంటికి తీసుకెళ్ళొద్దు, ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేసి వాళ్ళొచ్చే దాకా నీడలో ఉంచి కుక్కలు రాకుండా కాపలా ఉండండి, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

ఇప్పటికి ఇంతే. అక్టోబరులో ఒక ఆదివారం గట్టు మీదకి వెళ్ళి చెట్ల నంబర్లతో ఆ బొమ్మ వేసి ఇక్కడే పెట్టండి, పెన్సిల్‌తో వేసినా సరే, ఏ పాయింటు నుంచి ఏ గుంపు దాక్కుంటుందో చూసి చెప్తాను. నవంబరు మొదటి లెక్కకి నా దగ్గరున్న స్పాటింగ్ స్కోప్ (పిట్టల్ని దూరం నుంచి చూసే టెలిస్కోపు) తీసుకుని నేను కూడా వస్తాను, ఆరున్నరకి గట్టు దగ్గర ఉంటే చాలు.